నవ్వని రోగికి డిశ్చార్జి లేదు

మా ఊరి పెద్దాసుపత్రి నుంచి కాలు విరిగినవాడు కుంటుకుంటూ ఇంటికి వెళ్ళవచ్చు, నడుము పట్టినవాడు మూలుగుతూ వెళ్ళవచ్చు. నవ్వనివాడు మాత్రం వెళ్ళడానికి వీల్లేదు. సరిగ్గా ఈ నియమం పెట్టిన రోజుల్లోనే మా నాన్న పొట్టలో గడ్డ బయటపడింది. గడ్డలకి ఆసుపత్రి సర్క్యులర్లు అందవు కాబట్టి దాన్ని తప్పుపట్టలేం.

నియమం పుట్టుక గురించి కాస్త చెప్పాలి. ఆసుపత్రి డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు ఎక్కడో చల్లని కొండల మీద జరిగిన సదస్సుకి వెళ్ళారు. నవ్వితే గాయాలు తొందరగా మానతాయని అక్కడ ఎవరో చెప్పారట. ఇందులో కొత్తేమీ లేదు. మా వీధిలో ఇడ్లీలమ్మే నూకాలమ్మ కూడా ఆ మాటే చెబుతుంది. తేడా ఏమిటంటే నూకాలమ్మ చెప్పి ఊరుకుంటుంది, డైరెక్టరుగారు ఊరుకోలేదు. ఆయన కొండ దిగిన వారంలోనే ఆసుపత్రిలో హాస్య చికిత్సా విభాగం వెలిసింది. స్కానింగు యంత్రం పాడై మూలపడి ఉంది కనుక దాన్ని వరండాలోకి నెట్టి, ఆ ఏసీ గదిని కొత్త విభాగానికి ఇచ్చారు.

ముఖ్య హాస్యాధికారిగా కృపానిధిగారిని నియమించారు. అంతకుముందు ఆయన స్టోర్సులో దూది, గాజుగుడ్డ లెక్క చూసేవారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఇంత బాధ్యతగల పదవికి నవ్వు మీద పక్షపాతం లేని మనిషి ఉండాలని ఏరికోరి ఆయన్ని పెట్టారని చెప్పుకున్నారు.

ఇక మా సంగతి. నేను కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టు నడుపుతాను. జనం ఏడుపులకి రెండేసి కాపీలు తీసి ఇవ్వడం నా పని. మా నాన్న చిక్కాల వెంకటరత్నం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పాలకొల్లు రూటులో ఆయన బస్సు ఎక్కడం కోసం ముందొచ్చిన బస్సు వదిలేసినవాళ్ళున్నారు, ఆయన మాటలు అలాంటివి. బస్సంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆయన మాత్రం మొహం బిగించుకుని టికెట్లు కొట్టేవాడు. ఎందుకు నవ్వవని చిన్నప్పుడు అడిగాను. "కండక్టరు నవ్వకూడదమ్మాయ్. చిల్లరిచ్చేటప్పుడు నవ్వేవనుకో, తక్కువిచ్చేడంటారు. చిల్లర్లేదని చెప్పి నవ్వేవనుకో, కొడతారు" అన్నాడు. ఉద్యోగం అయిపోయినా ఆ మొహం అలాగే ఉండిపోయింది.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. మా ఇంట్లో దిగులుని దిగులని చెప్పుకునే అలవాటు లేదు. ఆయన నన్ను ఎగతాళి చేస్తాడు, నేను ఆయన్ని దెప్పుతాను. ఆ దెప్పుళ్ళ పదును చూసి ఎవరికెంత దిగులుందో రెండోవాళ్ళు తెలుసుకోవాలి. గడ్డ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో చాలా హాస్యం జరిగింది.

ఆసుపత్రిలో చేర్చుకునే చోట గుమస్తా ముందుగా నా హాస్యార్హత ఏమిటని అడిగాడు. బీకాం అన్నాను. అది కాదు, రోగిని నవ్వించగలరా అన్నాడు. కోర్టు ఎదురుగా కొట్టండి నాది అని చెప్పాను. అతను దాన్ని లేదు అనే అర్థంలో తీసుకుని నన్ను శిక్షణకి పంపాడు.

శిక్షణ పూటంతా సాగింది. జోకుల్లో భోజనానికి ముందు వేసేవి, తర్వాత వేసేవి అని రెండు రకాలున్నాయని, పరగడుపున మొగుడూపెళ్ళాల జోకు వేస్తే కడుపులో మంట పుడుతుందని అక్కడే తెలిసింది. డాక్టర్ల మీద జోకులు పూర్తిగా నిషేధం. గుండె వార్డులో జోకు వెయ్యాలంటే గుండె డాక్టరు సంతకం ఉండాలి. చివర్లో అందరం తలా ఒక జోకు చెప్పి చూపించాలి. ఐసీయూలో భర్త ఉన్న ఒకావిడ జోకు మధ్యలో ఆగిపోయి కళ్ళు తుడుచుకుంది. "విరామం బాగుందమ్మా, కాని సరైన చోట రాలేదు" అని కృపానిధిగారు సరిదిద్దారు.

ఆపరేషను రోజు పొద్దున్నే నాన్నని స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. ఆకుపచ్చ గౌనులో ఆయన చాలా చిన్నగా కనబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తున్నాను. థియేటరు తలుపు దగ్గర మత్తు డాక్టరు వంగి, భయపడకండి, హాయిగా నిద్రపోతారు అన్నాడు. నాన్న ఆయన్ని ఎగాదిగా చూసి, "బాబూ, నా స్టేజీ వచ్చినప్పుడు కొంచెం లేపండి. నిద్దట్లో దాటిపోతానేమో" అన్నాడు.

స్ట్రెచర్ తోసేవాళ్ళు నవ్వారు, మత్తు డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. తలుపు మూసుకున్నాక గోడవైపు తిరిగి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగేసరికి కృపానిధిగారు నిలబడి ఉన్నారు.

"సదరు రోగి విభాగం ఆమోదం పొందని హాస్యాన్ని స్వయంగా వినియోగించినట్టు మా దృష్టికి వచ్చింది. స్వయం వైద్యం ఎంత ప్రమాదకరమో, స్వయం హాస్యం అంతకంటే ప్రమాదకరం. దీనికి సంజాయిషీ ఇవ్వాలి."

ఆయన్ని ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారండి, పొట్ట కోస్తున్నారండి అన్నాను. కృపానిధిగారు మానవతా దృక్పథంతో ఆలోచించి, స్పృహ వచ్చేదాకా గడువు మంజూరు చేశారు.

మధ్యాహ్నం దాటాక నాన్న కళ్ళు తెరిచాడు. పైకప్పు చూశాడు, నన్ను చూశాడు. "ఏ ఊరమ్మాయ్ ఇది?" అన్నాడు. మన ఊరే నాన్నా అన్నాను. "అయితే దాటలేదన్నమాట" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నాకు అంతకన్నా మంచి మాట వినాలని లేదు.

ఆపరేషను చేసిన డాక్టర్ ఇందుమతి ముక్కుసూటి మనిషి. గడ్డని పరీక్షకి పంపాం, రిపోర్టు రావాలి, వచ్చేదాకా ఏమీ చెప్పలేను అంది. పొట్ట మీద పొడుగ్గా కోశాం కాబట్టి దగ్గొస్తే దిండు అదుముకోవాలని, నవ్వొస్తే ఆపుకోవాలని, లేకపోతే కుట్లు విడిపోతాయని హెచ్చరించింది. ఆవిడ వెళ్ళిన కాసేపటికే కృపానిధిగారు వచ్చి, పూటకి ఒకసారి చొప్పున మూడు పూటలా నవ్వాలని, రాత్రి నవ్వు మాత్రం కడుపారా ఉండాలని రాసిచ్చి వెళ్ళారు.

రెండు కాగితాలూ పట్టుకుని నేను మా వార్డు నర్సు సిస్టర్ ఎస్తేరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాటిని పక్కపక్కన పెట్టి చూసి, ఇది మనవల్ల కాదని పైకి పంపింది. రెండు విభాగాలకీ సమావేశం జరిగింది. పొట్ట మా పరిధి అని శస్త్రచికిత్సవాళ్ళు వాదించారు. పొట్ట మీదే కావచ్చు, అందులోంచి వచ్చే నవ్వు మాది అని హాస్యంవాళ్ళు వాదించారు. డైరెక్టరుగారు ఇరుపక్షాలూ విని ఉత్తర్వు ఇచ్చారు: "రోగి మెడ పైభాగంతో మాత్రమే నవ్వవలెను. మెడ దిగువభాగం, కుట్లు విప్పువరకు, శస్త్రచికిత్సా విభాగం అధీనంలో ఉండును."

ఎస్తేరు తువ్వాలు తెచ్చి నాన్న మెడ చుట్టూ సరిహద్దులా కట్టింది. "దీని పైనంతా మీ ఇష్టం తాతగారూ. కిందకి మాత్రం రానివ్వకండి, నా ఉద్యోగం పోద్ది" అంది.

నాన్నకి ఈ ఏర్పాటు వల్ల ఇబ్బందేమీ కలగలేదు, ఆయన ఎటూ నవ్వడు. ఇబ్బంది పక్కవాళ్ళకి వచ్చింది. ఒక పొద్దున్న పెద్ద డాక్టరు వెంట మెడికల్ విద్యార్థులు గుంపుగా వచ్చి నాన్న మంచం చుట్టూ మూగారు. గాలి కూడా ఆడటం లేదు. నాన్న మెల్లగా తల ఎత్తి, "లోపలికి జరగండి బాబూ, వెనక మంచం ఖాళీ. ఫుట్‌బోర్డు మీద నించోకండి" అన్నాడు. వెనక మంచం ఖాళీ కాదు. దాని మీద అపెండిసైటిస్ ఆపరేషను చేయించుకున్న కొబ్బరికాయల వ్యాపారి ఉన్నాడు. అతను మెడ పైభాగంతో మొదలుపెట్టాడు గాని అక్కడ ఆపలేకపోయాడు. కుట్టు ఒకటి తెగింది. కుట్టు తెగేంత నవ్వు అంటే నిఖార్సయిన నవ్వని కృపానిధిగారు అతన్ని అక్కడికక్కడే ఉత్తీర్ణుణ్ణి చేసి, చప్పట్ల మధ్య ముందు గుమ్మంలోంచి ఇంటికి పంపారు. తెగిన కుట్టు వేయించుకోవడానికి అతను వెనక గుమ్మంలోంచి మళ్ళీ వచ్చి చేరాడు.

ఈలోగా విభాగానికి నవ్వు మీటరు వచ్చింది. తోపుడుబండి మీద బిగించిన కెమెరా, దాని పక్కన గంట. నోరు తెరుచుకుందా, భుజాలు ఊగుతున్నాయా, కంట్లో నీరు తిరిగిందా అని అది చూస్తుంది. మూడూ కుదిరితే గంట మోగుతుంది. "మనిషి అబద్ధం చెప్పగలడు గాని భుజాలు చెప్పలేవు" అని కృపానిధిగారు మాకు వివరించారు. నాన్న ముందు ఆ బండి ఎన్ని పూటలు నిలబెట్టినా గంట మోగలేదు. నాన్నా, ఆ బండీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవారు. ఎవరూ తగ్గేవారు కాదు.

పుండు బాగానే మానుతోంది, ఇంటికి వెళ్ళవచ్చని డాక్టర్ ఇందుమతి చెప్పింది. నవ్వు మీటరు వెళ్ళకూడదంది. మీటరు మాటే నెగ్గింది. నాన్న పేరు పక్కన 'శూన్యహాసం' అని రాసి, ఆయన్ని మొండి రోగుల వరుసలో చేర్చారు. ఇక మంచం దగ్గరికి బృందాలు రావడం మొదలైంది. రంగురంగుల జుట్టు పెట్టుకున్నవాళ్ళు వచ్చి గెంతారు. ఒకాయన కోడిలా నడిచి చూపించాడు. ఆయన మా పక్క వీధి లెక్కల మాస్టారని తర్వాత తెలిసింది. ఆఖరికి గిలిగింతల నిపుణుణ్ణి పిలిపించారు. దానికి బంధువుల అంగీకారం కావాలన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. రోగి కోలుకోవడానికి బంధువులే అడ్డు తగులుతున్నారని నా మీద రాసుకున్నారు.

నాకు భయం పట్టుకున్నది వీళ్ళని చూసి కాదు. వార్డులో నలుగురి దగ్గులూ చేరి నాన్నకీ దగ్గు అంటుకుంది. దగ్గినప్పుడల్లా దిండు అదుముకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచితే కుట్లే విడిపోతాయో, కొత్త జబ్బే పట్టుకుంటుందో తెలియదు. ఇంటికెళ్ళాలంటే నవ్వాలి. గడ్డ రిపోర్టు ఇంకా రాలేదు. ఆ రిపోర్టు నెత్తి మీద వేలాడుతుంటే ఎవరికి నవ్వు వస్తుంది?

ఒక మధ్యాహ్నం మా వార్డులోనే, కిటికీ పక్క మంచం మీది ఆయన చనిపోయాడు. ఆయన భార్య గొల్లుమంది. హాస్య విభాగంవాళ్ళు పరుగున వచ్చి, ఆవరణలో దిగులు నిషేధమని గుర్తుచేసి, ఆవిణ్ణి మర్యాదగా బయటికి తీసుకెళ్ళారు. సైకిల్ స్టాండు వెనక రేకుల షెడ్డు ఒకటుంది. దాని మీద 'ప్రత్యామ్నాయ భావ వ్యక్తీకరణ కేంద్రం' అని బోర్డు. ఏడవదలచినవాళ్ళు అక్కడ ఏడవాలి. ఆవిడ మొగుడి శవం వార్డులో, ఆవిడ ఏడుపు షెడ్డులో. నాన్న పడుకునే అదంతా చూశాడు.

ఆ రోజు నుంచి ఆయన జోకులు ఆగిపోయాయి. గంజి చప్పగా ఉన్నా ఏమీ అనలేదు. నేను దువ్వెన తిరగేసి పట్టుకున్నా ఏమీ అనలేదు. నేనే కావాలని దెప్పాను, ఎంతసేపు పడుకుంటావు, డిపో మేనేజరు కబురు పెట్టాడు అని. ఊఁ అన్నాడంతే. మా ఇంట్లో అంత దిగులు ఎప్పుడూ లేదు.

ఒక సాయంత్రం ఆయనే పిలిచాడు.

"అమ్మాయ్, ఆ గడ్డ కాయితం వచ్చిందా?"

"లేదు నాన్నా."

"వస్తే నాకు చెప్పు. ఏదైనా సరే చెప్పేయ్. జోకు మాత్రం వెయ్యకు."

సరేనన్నాను.

అయితే కాయితం నా దాకా వచ్చే దారి మూసేశారు. రిపోర్టులన్నీ ఇకమీదట హాస్య విభాగం ద్వారానే రోగికి చేరాలని ఉత్తర్వు వచ్చింది. మంచి కబురైనా చెడ్డ కబురైనా తగిన జోకుతో కలిపి చెప్పాలట. రోగి ఏ కబురుకి నవ్వాడో తెలియకుండా పోతుంది కాబట్టి నిస్పృహకి తావుండదని అందులో రాశారు. నాన్న ముందు రంగుల జుట్టువాడొకడు గెంతుతూ ఆ మాట చెప్పడం ఊహించుకుని, ఎలాగైనా ముందు నేనే తెలుసుకోవాలనుకున్నాను.

మర్నాడు వరండాలో, మూలపడ్డ స్కానింగు యంత్రం పక్కన, డాక్టర్ ఇందుమతి నన్ను ఆపింది.

"మీ నాన్నగారి రిపోర్టొచ్చింది. కృపానిధిగారి బల్ల మీదుంది. దానికి తగ్గ జోకు వెతుకుతున్నారు. నేను చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. గడ్డలో ఏమీ లేదు. మామూలు గడ్డే, తీసేశాం, అయిపోయింది. మీరే వెళ్ళి చెప్పండి."

నేను ఆవిడకి దండం పెట్టానో లేదో గుర్తులేదు. పరిగెత్తాను.

వార్డులోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం పూట నవ్వుకి వేళయింది. మీటరు బండి నాన్న ఎదురుగా ఉంది. కృపానిధిగారు, ఆయన బృందం అటూ ఇటూ నిలబడ్డారు. నాన్న మెడకి తువ్వాలు కట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. నేను రంగుల జుట్టుని తోసుకుని ముందుకి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగాను.

"నాన్నా, కాయితం వచ్చింది. గడ్డలో ఏమీ లేదట. మామూలు గడ్డేనట."

ఆయన నా మొహంలోకి చూశాడు. నలిగిన నోటుని వెలుతురులో పెట్టి చూసేటప్పుడు ఆయన కళ్ళు అలాగే ఉండేవి.

"నిజంగానా?"

"నిజంగా. జోకు కాదు."

నాన్న నోరు తెరిచాడు. దిండు పొట్టకి అదుముకున్నాడు. భుజాలు ఊగాయి. కళ్ళలోంచి నీళ్ళు కారి తువ్వాలు మీద పడ్డాయి. అమ్మ పోయినప్పుడు కూడా నేను ఆయన్ని అలా చూడలేదు. నేను ఆయన తలని నా గుండెకి పెట్టుకున్నాను.

గంట మోగింది. ఆగకుండా మోగింది. బృందమంతా చప్పట్లు కొట్టింది. కృపానిధిగారు ముందుకి వచ్చి, జీవితంలో ఏనాడూ లేనంత తృప్తితో, "అట్టహాసం. మెడ దిగువభాగం కూడా పాల్గొంది. శస్త్రచికిత్సా విభాగానికి క్షమాపణ నేను రాస్తాను" అన్నారు.

"సార్, ఆయన ఏడుస్తున్నాడండి" అన్నాను.

కృపానిధిగారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "చూడమ్మా, ఏడుపే అయితే షెడ్డుకి పంపాల్సొస్తుంది. డిశ్చార్జి మళ్ళీ మొదటికొస్తుంది. కాస్త ఆలోచించి చెప్పండి."

నేను ఆలోచించాను. ఎక్కువసేపు పట్టలేదు.

"నవ్వేనండి" అన్నాను.

ఆ జోకేమిటో చెబితే పాఠ్యప్రణాళికలో చేరుస్తామన్నారు. మీ నాన్నగారంతటి మొండి రోగినే కదిలించిందంటే జిల్లా అంతటా అమలు చెయ్యవచ్చన్నారు. గడ్డలో ఏమీ లేదన్న మాట మంచం మంచానికీ తిప్పుతారని తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. అది మా ఇంటి జోకండి, బయటివాళ్ళకి పనిచెయ్యదు అని చెప్పి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. సిస్టర్ ఎస్తేరు నాన్న మెడలో తువ్వాలు విప్పి, దాంతోనే ఆయన మొహం తుడిచింది. సాయంత్రానికి మేము ఇంట్లో ఉన్నాం.

కుట్టు చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆసుపత్రి గుమ్మం మీద నవ్వు మీటరు కెమెరా తీసిన నిలువెత్తు బొమ్మ కనబడింది. అందులో మా నాన్న. నోరు తెరిచి, దిండు అదుముకుని, చెంపల నిండా నీళ్ళతో. కింద పెద్ద అక్షరాలతో 'మా రోగులు ఇలా వెళతారు' అని రాసి ఉంది. నాన్న దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నేను ఆయన్ని చూస్తున్నాను.

ఇంతలో సంచీ, ఫ్లాస్కూ పట్టుకుని ఒకావిడ వచ్చింది. వెనకే ఆవిడ మొగుడు, డొక్క పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. ఆపరేషనుకి చేరడానికి వచ్చినట్టున్నారు. ఆవిడ బొమ్మనీ నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"ఈ బొమ్మలోది మీరే కదండీ? అంత నవ్వొచ్చే మాట ఏం చెప్పేరండి మీకు?"

నాన్న మొహం బిగించుకుని ఆవిడకేసి చూశాడు.

"నవ్వలేదమ్మా, ఏడ్చేను. చచ్చిపోతాననుకున్నాను. పోవులే అన్నారు."

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహం చూసి, ఫక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడికి చెప్పింది. అతనూ డొక్క గట్టిగా పట్టుకుని నవ్వాడు. భలే మనిషండి మీరు అంటూ ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. మా నాన్న తన జన్మలో మొదటిసారి పరాయివాళ్ళకి జోకు వెయ్యకుండా ఒక మాట చెబితే, దానికే అంత నవ్వారు.

వాళ్ళు వరండా మలుపు తిరిగేదాకా నాన్న చూస్తూ నిలబడ్డాడు.

"పోన్లే అమ్మాయ్, నవ్వుకుంటూ లోపలికెళ్ళేరు. బయటికి కూడా ఇద్దరూ కలిసొస్తే చాలు" అన్నాడు.

కుట్టు చూపించుకుని, నా భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. ఆ చెయ్యి ఇంటిదాకా తియ్యలేదు.